రెండో దెబ్బ

మేజోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ అతన్ని అందరూ శాంతం అనే పిలిచారు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, తోటి కార్మికులు పెట్టింది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే సమ్మె గురించి చెప్పాలి, సమ్మె గురించి చెప్పాలంటే ముందు ఫ్యాక్టరీ ఎలా ఉండేదో చెప్పాలి. డెబ్భై నాలుగేళ్లు వచ్చినా శాంతం ఆ రోజుల ముచ్చట మొదలుపెడితే ఇదే వరస. వినేవాళ్లకు తీరిక ఉందా లేదా అన్నది అతనికి పట్టదు.

కింది అంతస్తులో నలభై అల్లిక మిషన్లు ఉండేవి. ఒక్కో మిషన్‌లో గుండ్రంగా నూటపాతిక పైచిలుకు సూదులు, తల వంచిన కొక్కేల్లాగా. అందులో ఒక్క సూది విరిగినా మేజోడు పొడవునా నిచ్చెనలా చిరుగు పడేది. ఆ విరిగిన సూదిని కనిపెట్టి మార్చడం శాంతం పని. కళ్లతో కాదు, చెవులతో కనిపెట్టేవాడు. నలభై మిషన్ల రొదలో నిలబడి, "ఇరవై రెండోది కుంటుతోంది" అని నేరుగా దాని దగ్గరికి నడిచేవాడు. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో కనికట్టు అనుకునేవాళ్లు. ఇల్లాలికి భర్త దగ్గు తెలిసినట్టు తనకు మిషన్ దగ్గు తెలుస్తుందని అతను చెప్పేవాడు. అతనికి పెళ్లి కాలేదు కాబట్టి ఆ పోలికకు అందరూ నవ్వేవాళ్లు.

పై అంతస్తు ఆడవాళ్లది. ముప్ఫై ఒక్కమంది. మిషన్ నుంచి దిగిన మేజోడుకు వేళ్ల దగ్గర నోరు తెరుచుకునే ఉంటుంది. ఆ నోరు కుట్టి మూసే పని వాళ్లది. తమ నోళ్లు మాత్రం ఎప్పుడూ మూసేవాళ్లు కాదు. కింద మిషన్లు ఆగినప్పుడల్లా పైనుంచి మాటలు, నవ్వులు, మధ్యమధ్యలో ఒక పాట వినిపించేవి. పాడేది ఒక్కతే. ఆమెను పాటలామె అనేవాళ్లు. ఆమె గొంతు ఎత్తితే కింద మగవాళ్లు మిషన్‌కు నూనె పెట్టే నెపంతో కాసేపు స్విచ్ ఆపేసేవాళ్లని, నెలకు ఒక డబ్బా నూనె అదనంగా ఖర్చయ్యేదని శాంతం ఇప్పటికీ చెప్తాడు.

ఆ పై గదికి పెద్దదిక్కు శాంతం అక్క. తమ్ముడికి ఎనిమిదేళ్లప్పుడు తల్లి పోతే, పదిహేడేళ్ల ఆ పిల్లే అతన్ని పెంచింది. తర్వాత పెళ్లయింది, మూడేళ్లకే భర్త పోయాడు, మళ్లీ తమ్ముడి దగ్గరికే వచ్చింది. పెళ్లి చేసుకోమని ఆమె పోరేది, అతను వాయిదా వేసేవాడు. చివరికి ఇద్దరూ అలసిపోయి ఆ మాట వదిలేశారు.

ఇక తాళాలాయన. ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర కాపలా. శాంతం కంటే పదేళ్లు పెద్ద. నడుముకు ఇనప వలయం, దానికి పద్దెనిమిది తాళం చెవులు. మనిషి మలుపు తిరగకముందే చప్పుడు వచ్చేది. ఏ చెవి ఏ తలుపుదో కళ్లు మూసుకుని చెప్పగలడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన గదిలో, బోర్లించిన అట్టపెట్టె మీద ఇద్దరూ చదరంగం ఆడేవాళ్లు. పదకొండేళ్లు ఆడారు. అరగంటలో ఆట ఎక్కడ తెమలుతుంది? కూత పడగానే బల్ల మీద ఉన్నది ఉన్నట్టు వదిలేసి, పైన ఇంకో అట్టపెట్టె మూత పెట్టి, మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టేవాళ్లు. ఒక ఆటయితే తొమ్మిది రోజులు నడిచింది. తాళాలాయన గుర్రం మీద వేలు పెట్టి పావుగంట ఆలోచించేవాడు.

"గుర్రాన్ని కదపడానికి కూడా పైవాళ్లని అడగాలా అన్నా?" అని శాంతం ఏడిపించేవాడు.

"అడిగితే పోయేదేముంది తమ్ముడూ. తప్పు వాళ్ల మీదికి పోతుంది," అనేవాడు ఆయన. ఆ రోజుల్లో అది ఉత్త వేళాకోళమే.

ఇప్పుడు సమ్మె. పొద్దున పని మధ్యలో కాసేపు విరామం కావాలని, పై గదిలోకి మంచినీళ్లు కావాలని మూడు వారాలు పని ఆపారు. మూడో వారంలో కుర్రకారుకు ఓపిక నశించింది. మేనేజరు కారు గేటు దాటబోతుంటే అడ్డం పడి ఆయన్ని బయటికి లాగారు. శాంతం పరుగెత్తుకెళ్లి మధ్యలో నిలబడ్డాడు. మేనేజరు కోసం లేచిన పిడికిలి ఒకటి అతని మూతి మీద పడింది. ముందు పన్ను ఊడింది. నోట్లో రక్తం ఉమ్మేసి, చుట్టూ చూసి, "అయిందా? ఇంకెవరికైనా మిగిలిందా? లేకపోతే అందరం కూర్చుందాం," అన్నాడు. కూర్చున్నారు. మేనేజరు కూడా, ఏం చెయ్యాలో తోచక, వాళ్లతోపాటే నేల మీద కూర్చున్నాడు. నాలుగు రోజుల్లో విరామం వచ్చింది, నీళ్లూ వచ్చాయి. ఆ సాయంత్రం నుంచే అతను శాంతం.

మనిషి మీద చెయ్యి చేసుకోవడం ఎప్పటికీ తప్పేనని అతను గట్టిగా నమ్మాడు. నమ్మకం రుజువైంది కూడా. చిరునవ్వులో ఆ పన్ను లేని సందు కనబడుతుంటే, అది తనకిచ్చిన పతకం అన్నట్టు కాస్త ఎక్కువగానే నవ్వేవాడు. అక్క మాత్రం, "పన్ను పోయినందుకు ఇంత సంబరపడేవాణ్ణి నిన్నే చూశాను," అనేది.

రెండేళ్లు గడిచాయి. పై గదినుంచి మేజోళ్ల కట్టలు మాయమవుతున్నాయని యజమానికి అనుమానం వచ్చింది. కిటికీలకు ఇనప జాలీలు బిగించారు. వెనకవైపు మెట్లకు తెరుచుకునే ఇనప తలుపుకు పని వేళల్లో తాళం వెయ్యమన్నారు. మేనేజరు స్వయంగా చెప్తే తప్ప తియ్యకూడదన్నారు. ఒకరోజు పై గదిలో ఒకామె కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే తాళాలాయన జాలిపడి తలుపు తీశాడు. మర్నాడు మేనేజరు కింది అంతస్తులో మిషన్లన్నీ ఆపించి, ఆయన్ని మధ్యలో నిలబెట్టి, ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదన్న కాగితాన్ని ఆయన చేతే పైకి చదివించాడు. ఆయనకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుని చదువుతుంటే ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మధ్యాహ్నం చదరంగం దగ్గర ఆయన బంటును వెనక్కి జరిపాడు. బంటు వెనక్కి జరగదని శాంతం చెప్పలేదు.

అది జరిగిన మూడో వారంలో మంట లేచింది.

పొద్దున పదకొండు దాటింది. శాంతం ఇరవై రెండో మిషన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెద్ద పానాతో అడుగు బోల్టు వదులు చేస్తున్నాడు. వేడెక్కిన నూనె వాసన కాదు, ఇంకేదో వాసన తగిలింది. తల తిప్పేలోపే ఎవరో అరిచారు. ముందు మెట్ల కింద వేస్టు నూలు బస్తాలు పేర్చి ఉంటాయి. అక్కడ పాత వైరు ఒకటి నిప్పు రవ్వ రాల్చింది. చెక్క మెట్లు. పొగ ఆ మెట్ల దారినే గొట్టంలో పోయినట్టు పైకి పోయింది. కిందివాళ్లు ముందు వాకిలిలోంచి బయటపడ్డారు. కొందరు ఇసుక, కొందరు నీళ్లు తెస్తున్నారు. పైనుంచి జాలీలను ఏదో ఇనుముతో బాదుతున్న చప్పుడు.

శాంతం ఫ్యాక్టరీ గోడకూ ప్రహరీకీ మధ్య ఇరుకు సందులో పడి వెనక్కి పరుగెత్తాడు. చేతిలో పానా ఉందన్న స్పృహ అతనికి లేదు. ఇది అతను తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్న మాట.

తాళాలాయన తన గదిలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫోను, రెండో చెయ్యి నడుం దగ్గర వలయం మీద.

"అన్నా, తాళాలు. ముందు మెట్లు అంటుకున్నాయి. పై తలుపు తియ్యాలి."

"మేనేజరు గారికి చేస్తున్నా. మోగుతోంది. ఒక్క నిమిషం."

"నిమిషం లేదు. ఆడవాళ్లు పైన ఉన్నారు, తాళాలివ్వు."

"ఇటువైపు పొగేం కనబడట్లేదు కదా తమ్ముడూ. ఆయన ఎత్తగానే చెప్పి నేనే తీస్తా. పోయినసారి ఏం జరిగిందో నువ్వూ చూశావు."

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఇవ్వు."

"ఒక్క నిమిషం," అన్నాడు తాళాలాయన. ఆయన ముఖం మొండిగా లేదు. భయంతో చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఫోను అవతల మోగుతూనే ఉంది, ఆ మోత శాంతానికి కూడా వినిపిస్తోంది.

అప్పుడు శాంతం కొట్టాడు. పానా కుడి భుజం మీద, మెడకు దగ్గరగా పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. చెవులతో బతికేవాడు కదా, ఆ చప్పుడు ఏమిటో వెంటనే తెలిసిపోయింది. తాళాలాయన గుమ్మంలోకి పడిపోయాడు. వలయం ఊడి బయట ఇటుకల మీదికి జారింది. అక్కడే, కళ్లముందే, చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది.

శాంతం వెంటనే దాన్ని తీసుకోలేదు. పక్కకు ఒత్తిగిలి, ఎడమ చెయ్యి తల మీద అడ్డం పెట్టుకున్న మనిషి వీపు మీద ఇంకో దెబ్బ వేశాడు.

ఆ రెండో దెబ్బ ఎందుకు వేశాడో అతనికి ఆనాడూ తెలియదు, తర్వాతా తెలియలేదు. తెలిసింది ఒక్కటే. అది వేసేటప్పుడు చేతికి హాయిగా అనిపించింది. పన్ను ఊడినప్పుడు మింగేసింది, సమ్మెలో మింగేసింది, ఎప్పుడెప్పుడో నవ్వుతూ మింగేసింది అంతా ఆ చేతిలోంచి బయటికి పోయినట్టు అనిపించింది. రెండు క్షణాల పని. ఎవరూ చూడలేదు.

తర్వాత వలయం అందుకుని మెట్లెక్కాడు. పైన తలుపు అవతల దగ్గులు, ఏడుపు, తలుపు మీద అరచేతుల దెబ్బలు. పద్దెనిమిది చెవులు. ఒకటి పెట్టాడు, పట్టలేదు. ఇంకోటి పెట్టాడు. అదీ పట్టలేదు. అప్పుడు కిందినుంచి, నేల మీద పడి ఉన్న మనిషి గొంతు వినిపించింది.

"పొట్టిది. ఎర్ర దారం కట్టినది."

తలుపు తెరుచుకుంది. ఒకరి వెనక ఒకరు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చారు. పాటలామెను ఇద్దరు మోసుకొచ్చారు. అందరికంటే వెనక అక్క, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ముప్ఫై ఒకటి. ఇంకో ఆరు నిమిషాలకే ముందువైపు మెట్లు, వాటితోపాటు పై గదిలో సగం నేల కూలిపోయాయని తర్వాత విచారణలో తేల్చారు.

విచారణ పెద్ద హాల్లో జరిగింది. శాంతం ఒక బెంచీ మీద, మెడనుంచి కట్టుతో చెయ్యి వేలాడేసుకుని తాళాలాయన ఎదుటి బెంచీ మీద.

"మిమ్మల్ని ఎన్నిసార్లు కొట్టాడు?" అని విచారణాధికారి అడిగాడు.

"ఒక్కసారి."

"మరి వీపు మీద దెబ్బ ఉందని డాక్టరు రాశారు."

"పడ్డప్పుడు గడప తగిలింది. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి అయ్యా. అతన్నేం అనకండి."

శాంతం నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. అతన్నీ అడిగారు. "అవును," అన్నాడు. దేనికి అవునన్నాడో ఎవరూ గుచ్చి అడగలేదు.

మేనేజరు ఎటో బదిలీ అయిపోయాడు. తలుపులకు తాళాలు వేసే పద్ధతి పోయింది. తాళాలాయన కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది కాబట్టి కాపలా పనికి పనికిరాడన్నారు. ఆయన ఇంటి ముందు గదిలో తాళం చెవులు చేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఆకురాయితో రుద్దడానికి చెయ్యి పైకి ఎత్తక్కర్లేదు.

శాంతాన్ని మాత్రం ఊరు నెత్తిన పెట్టుకుంది. కార్మికులు సభ పెట్టి కుర్చీ వేస్తే, మూత్రానికని లేచి వెనక దారిన ఇంటికొచ్చేశాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి వచ్చింది. అతని దెబ్బ ఊళ్లో అందరికీ పనికొచ్చే దెబ్బ అయిపోయింది. పిల్లాణ్ణి బాదే తండ్రి, పనివాణ్ణి లెంపకాయ కొట్టే ఫోర్‌మన్, ఎవరు చెయ్యెత్తినా, "అవసరమైతే శాంతమే కొట్టాడు," అనేవాళ్లు. రెండేళ్ల తర్వాత ఒక పొద్దున కింది వాటాలో ఉండే అతను భార్యను కొట్టాడు. శాంతం దిగి వెళ్లి అడ్డం పడితే, ఆ మనిషి ఏమాత్రం సిగ్గు లేకుండా, "మీరు కూడా ఇలా అంటే ఎలాగండీ. ఒక్కోసారి తప్పదని మీకు తెలియదా," అన్నాడు.

ఆ రోజే శాంతం తాళాలాయన దుకాణానికి వెళ్లాడు. ఈ రెండేళ్లూ ఆ వీధి తగలకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే ఆవిరైపోయాయి. తాళాలాయన ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూసి, బల్ల కింద సొరుగు లాగి చదరంగం తీశాడు. ఎడమ చేత్తో పావులు పేరుస్తూ, "నల్లవి నీవి," అన్నాడు.

అంతే. అలా మళ్లీ మొదలైన ఆట ఇరవై ఆరేళ్లు నడిచింది. ఆదివారం మధ్యాహ్నాలు. తాళాలాయన భార్యను శాంతం వదినా అనేవాడు. ఆమె టీ తెచ్చిపెట్టి, గెలిచేది ఎవరో ఒక్క చూపులో చెప్పేసి వెళ్లిపోయేది. ఆమెకు ఆట రాదు, ముఖాలు చూసి చెప్పేది. శాంతం ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవై ఆరేళ్లూ ఒకే మధ్యాహ్నంలా కనబడతాయి. వీధిలో సైకిలు గంట, గోడకు వేలాడే వందల తాళం చెవులు గాలికి తగులుకునే చప్పుడు, ఆకురాయి కింద ఇత్తడి పొడి, వేడి టీ. అంత సుఖంగా అతను ఇంకెక్కడా కూర్చోలేదు. అంత ఇబ్బందిగా కూడా.

ఒక్కసారి మాత్రం ఆ సంగతి వాళ్ల మధ్యకి వచ్చింది. వర్షం పడుతోంది, దుకాణానికి ఎవరూ రావడం లేదు. తాళాలాయన బంటు మీద వేలు పెట్టి, బల్ల వైపే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నేను తలుపు తీసేవాణ్ణే అంటావా?"

శాంతం బల్ల మీదనుంచి తల ఎత్తాడు. "తీసేవాడివే అన్నా. ఏ చెవో నువ్వే చెప్పావు కదా."

"అది దెబ్బ పడ్డాక. పడకముందు సంగతి. ఆయన ఫోను ఎత్తి వద్దంటే ఏం చేసేవాణ్ణి? ఎత్తకపోతే ఎంతసేపు నిలబడేవాణ్ణి? నేనే రోజూ అనుకుంటా, ఇంకొక్క మోత విని తీసేవాణ్ణని. అనుకోవడం తేలిక. నాకు తెలియదు తమ్ముడూ. నన్ను నేను కనుక్కునే వ్యవధి నువ్వివ్వలేదు. ఇవ్వకపోవడమే మంచిదైందేమో. ఇచ్చి ఉంటే తీయలేదని తెలిసేదేమో."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఎన్నాళ్లనుంచో విప్పలేకపోతున్న తాళాన్ని చూపించి అభిప్రాయం అడిగినట్టు అడిగాడు. అదే అదను. ఆయన తన లోపలి సంగతి చెప్పుకున్నాడు, శాంతం కూడా తనది చెప్పుకోవచ్చు. మొదటిది వాళ్ల కోసం కొట్టాను అన్నా, రెండోది ఎవరికోసమో తెలియదు అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నీ వంతు," అన్నాడు శాంతం.

తాళాలాయన బంటును ఒక గడి ముందుకు జరిపాడు.

తర్వాత నాలుగేళ్లకు, ఒక చలికాలం చివర, తాళాలాయన నిద్రలోనే పోయాడు. శాంతం చివరిదాకా దగ్గరుండి అన్ని పనులూ చూసుకున్నాడు. పది రోజులు మామూలుగానే తిరిగాడు. పదకొండో రోజు పొద్దున అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే వెళ్లి గుమ్మంలో కూర్చుని, ఉన్నట్టుండి చెప్పేశాడు. పానా, భుజం, ఇటుకల మీద వలయం, రెండో దెబ్బ, ఆ హాయి. ఏదీ దాచలేదు.

అక్కకు అప్పటికే డెబ్భై దాటాయి. కత్తి పక్కన పెట్టి, చెంగుకు చేతులు తుడుచుకుంది.

"నన్ను తిట్టు అక్కా," అన్నాడు శాంతం.

"తిడతాను. అయితే నువ్వనుకున్నదానికి కాదు. నువ్వు ఆయన్ని తాళాలు మూడుసార్లు అడిగానన్నావు."

"అవును."

"ఎందుకురా మూడుసార్లు?"

శాంతానికి అర్థం కాలేదు.

"నువ్వక్కడ అన్నా అన్నా అని బతిమాలుతుంటే మేము పైన తలుపు సందుకు మూతులు ఆనించి గాలి పీలుస్తున్నాం. పాటలామె నా ఒళ్లోనే కళ్లు తేలేసింది. బతికింది గానీ మళ్లీ పాడిందా? ఈ నాటికీ మెట్టు ఎక్కితే ఆయాసం. నువ్వు మొదటిసారి అడగ్గానే లాక్కుని ఉంటే ఏమయ్యేదోనని నేను ఎన్నోసార్లు అనుకున్నా. అది నీతో ఎప్పుడూ అనలేదు. ఎందుకంటావా, నువ్వు మా ప్రాణాలు కాపాడినవాడివి, నా తమ్ముడివి, నా నోటితో ఎలా అనేది? నువ్వు ఒక దెబ్బ ఎక్కువైందని కుమిలిపోతున్నావు. నాకేమో ఆ మొదటిది ఆలస్యమైందని."

"మరి రెండోది?"

అక్క మళ్లీ కత్తి తీసుకుంది. "రెండోది మా కోసం కొట్టావని మాత్రం ఎవరితోనూ చెప్పకు. దాంట్లో మాకు వాటా లేదు. అది నీదీ ఆయనదీ. ఆయన లేడు. వెళ్లి ఆమెతో చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం, అలవాటైన వేళకే వెళ్లాడు. దుకాణం తలుపు దగ్గరగా వేసి ఉంది. వదిన లోపల గదిలో ఆయన బట్టలు ముందేసుకుని కూర్చుంది. ఇవ్వాల్సినవి ఒక కుప్ప, ఉంచుకోవాల్సినవి ఒక కుప్ప. ఉంచుకునే కుప్పే పెద్దదిగా ఉంది. శాంతం గోడ వారగా కూర్చున్నాడు.

"వదినా, మీతో ఒక మాట చెప్పాలి. విచారణలో అన్న ఒక దెబ్బే అన్నాడు. అది అబద్ధం. నేను రెండు కొట్టాను. రెండోది ఆయన పడిపోయాక. తాళాలు అప్పటికే కింద పడ్డాయి. కొట్టాల్సిన అవసరం లేదు."

వదిన చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టడం ఆపలేదు.

"రెండు చోట్ల కాపడం పెట్టింది నేనే కదా నాయనా," అంది. "గడప తగిలితే అంత పొడుగున వాతలా కములుతుందా? పైన పానా తల అచ్చు కూడా పడింది. మొదటి రోజే అడిగాను. చెప్పాడు."

శాంతం తల వంచుకున్నాడు. "ఇన్నేళ్లూ తెలిసే టీ ఇచ్చారా?"

"మొదటి ఏడాది నువ్వొచ్చినప్పుడు ఇవ్వబుద్ధి కాలేదు. ఆయన కోసం ఇచ్చాను. నీకు తెలియదు గానీ, నీ గ్లాసులో చక్కెర వేసేదాన్ని కాదు."

"తెలుసు. మీ ఇంట్లో చక్కెర లేకుండానే తాగుతారనుకున్నాను."

ఆమె పెదవి కొస కదిలింది, నవ్వయితే కాలేదు. "ఆయనకు నీ మీద కోపం లేదు. భయపడ్డవాడికి భయపడ్డవాడి సంగతి తెలుస్తుంది అనేవాడు. నాకు ఉంది. భుజానికి లేదు. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్లు, నేనక్కడ ఉన్నా ఆయన్ని నేనే నెట్టి లాక్కునేదాన్ని. వీపుకే ఉంది. ఇప్పటికీ ఉంది. నువ్వు చెప్పావని పోదు."

"పోవాలని చెప్పలేదు."

"మరెందుకు చెప్పావు?"

శాంతం ఆలోచించాడు. అక్క చెప్పమంది కాబట్టి అనొచ్చు. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. "నేను ఆయనకు ఎంత నొప్పి పెట్టానో నాకు తెలియదు వదినా. భుజం సంగతి అందరికీ తెలుసు, నాకూ తెలుసు. వీపు సంగతి ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. అది తెలుసుకుందామని."

వదిన చొక్కాను ఉంచుకునే కుప్ప మీద పెట్టింది. ఇంకో చొక్కా తీసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది. మొదటి మూడు నెలలు వెల్లకిలా పడుకోలేకపోయాడని చెప్పింది. తుమ్ము వస్తే ముక్కు నొక్కి పట్టుకునేవాడట, తుమ్మితే పక్కటెముకల్లో కత్తి దిగినట్టు ఉండేదట. చలికాలం పొద్దున్నే లేవడానికి ముందు అరగంట మంచం మీదే కూర్చుని, వీపు కాస్త సడలేదాకా మనసులోనే చదరంగం ఎత్తులు వేసుకునేవాడట. మనవరాలిని వీపు మీద ఎక్కించుకోమంటే, తనకు గుర్రం ఆట రాదని చెప్పి, ఆ పిల్ల నమ్మేదాకా రకరకాల కథలు అల్లేవాడట. ఆ కథలు కూడా చెప్పింది. ఒకటి రెండు చోట్ల ఆమె నవ్వింది, అతనూ నవ్వాడు, నవ్వినందుకు ఇద్దరూ కాసేపు ఆగారు.

శాంతం మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం వెయ్యలేదు. ఎండ గుమ్మం దాటి, గది దాటి, ఎదుటి గోడ ఎక్కేదాకా ఆమె చెప్తూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు.